సాసేజి ఎరుగనివారి సంఘం

రాష్ట్ర సమతులాహార మండలిలో ఒక నియమం ఉంది. ఏ పదార్థం మీద కమిటీ వేసినా, ఆ పదార్థం తినే అలవాటున్నవాళ్ళు అందులో సభ్యులుగా ఉండకూడదు. తినేవాడికి ఇష్టం ఉంటుంది, ఇష్టం ఉన్నచోట పక్షపాతం ఉంటుంది, పక్షపాతం ఉన్నచోట న్యాయం ఉండదు అని మండలివారి సిద్ధాంతం. పూర్వం కోడిగుడ్ల కమిటీలో ఒక పెద్దమనిషి రోజూ పొద్దున్నే గుడ్డు తింటాడని బయటపడింది. ఆయన పెద్ద గుడ్ల వైపు మొగ్గు చూపాడని ఆరోపణ వచ్చింది. విచారణ ముగిసేసరికి ఆధారాలుగా దాచిన గుడ్లు కుళ్ళిపోయాయి గానీ నియమం మాత్రం పుట్టింది.

అప్పటినుంచి మండలి పని నల్లేరు మీద బండి నడకలా సాగుతోంది. మిఠాయిల కమిటీలో మధుమేహం ఉన్నవాళ్ళు కూర్చుంటారు. చేపల కమిటీలో శాకాహారులు కూర్చుంటారు. జంతికలు, చేగోడీల కమిటీకి పళ్ళు లేనివాళ్ళను వెతికి వేశారు. ఒక్క మంచినీళ్ళ కమిటీకే ఇంతవరకు అర్హులైన సభ్యులు దొరకలేదు.

ఇలాంటి మండలికి పంది మాంసం ఖీమాను తిత్తుల్లో కూరి చేసే సాసేజీల పని వచ్చి పడింది. దానికీ ఒక కథ ఉంది. వేరే శాఖవారెవరో పందిపిల్లల పంపిణీ పథకం పెట్టారు. ఆ పిల్లలు ఏ ఉత్తర్వు కోసమూ ఎదురుచూడకుండా పెరిగి పెద్దవై, తామూ పిల్లల్ని కన్నాయి. వాటిని ఏం చెయ్యాలో తోచక సాసేజీల కర్మాగారం పెట్టారు. సాసేజీలు గుట్టలు పడ్డాయి. ఏదైనా ఒక వస్తువును ఎవరో ఒకరు తిని తీరాలని వచ్చినప్పుడు ప్రభుత్వానికి హాస్టల్ పిల్లలు గుర్తుకొస్తారు. ఇంటి దగ్గర తినే అలవాటున్న పిల్లలకు వారానికొకసారి ఆరోగ్యకరమైన సాసేజి భోజనం పెట్టాలని, అందుకు తగిన సాసేజీల ఎంపిక, నిల్వ, వంట విధానాలను మండలివారు నిర్ణయించాలని ఉత్తర్వు దిగింది.

ఎరిగినవాళ్ళకు పని చెబితే ఒక్క పూటలో తేలిపోయేది. నియమం ఉంది కనుక ఎరగనివాళ్ళను వెతికారు.

వసుంధర ఈ కథలోకి వచ్చింది ఇక్కడే. ఆమె పోషకాహారం చదువుకున్న మనిషి. మూడేళ్ళుగా సాలూరులో ఉద్యోగం. భర్త భానుమూర్తి గుంటూరులో పాలిటెక్నిక్ మాస్టారు, పదేళ్ళ కూతురు ప్రణవి ఆయన దగ్గరే ఉంటోంది. మొదట్లో ఆ పిల్ల ఫోనులో బళ్ళో జరిగినవన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. రానురాను "ఏం లేదమ్మా, బానే ఉన్నా" అని ఊరుకోవడం మొదలుపెట్టింది. ఒకసారి వసుంధర ఇంటికొచ్చి చూసేసరికి పిల్ల జుట్టు మెడదాకా కత్తిరించి ఉంది. అదేంటే అని అడిగితే, "నాన్నకి జడ రాదుగా" అంది. ఆ మాట వసుంధరకు ముల్లులా గుచ్చుకుంది. తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చుని, ఎలాగైనా గుంటూరు వచ్చి తీరాలి, దానికోసం ఏ గడ్డి అయినా కరవాలి అనుకుంది.

కరవాల్సిన గడ్డి త్వరలోనే దొరికింది. సాసేజి కమిటీకి పోషకాహారం చదివిన సభ్యురాలు ఒకరు కావాలని, తాత్కాలికంగా గుంటూరు ప్రధాన కార్యాలయంలో వేస్తామని, పథకం ప్రారంభోత్సవం నాడు ఆ పోస్టును శాశ్వతం చేస్తామని కబురొచ్చింది. ఒక్కటే షరతు. ఆమె సదరు పదార్థాన్ని ఎన్నడూ తిని ఉండకూడదు.

చిక్కంతా అక్కడే ఉంది. వసుంధర తండ్రి బిట్రగుంట లోకోషెడ్డులో ఫైర్‌మన్‌గా చేశాడు. పక్క క్వార్టర్స్‌లో ఉండే ఆంగ్లో ఇండియన్ డొరతీ ఆంటీ దగ్గర వసుంధర తల్లి సాసేజీలు వండడం నేర్చుకుంది. ఆదివారం వచ్చిందంటే ఆ ఇంట్లో అదే కూర. పెళ్ళయ్యాక భానుమూర్తికీ అలవాటైంది, పిల్ల సంగతి చెప్పక్కర్లేదు. ఇంటిల్లిపాదీ ఇష్టంగా తినే తిండి అది. అయినా ఆఫీసులో ఆ మాట అనే ధైర్యం ఆమెకు ఏనాడూ లేదు. మధ్యాహ్నం డబ్బాలు విప్పేచోట ఎవరు ఏం తింటారన్నదాన్ని బట్టి కుర్చీల మధ్య దూరం నిర్ణయమవుతుందని ఆమెకు తెలుసు.

ప్రమాణ స్వీకారం చైర్మన్ త్రివిక్రమరావు గారి గదిలో జరిగింది. ఆయన తెల్ల పంచె, నుదుట బొట్టు, నిండైన మనిషి. సభ్య కార్యదర్శి పట్టాభి, గ్రాంథిక భాష ముందు పుట్టి తరవాత తాను పుట్టినట్టు ఉంటాడు. మూడోవాడు గోదాముల అధికారి చలమయ్య, జేబులో ఎప్పుడూ తాళాల గుత్తి, లక్కముద్ర. ముగ్గురూ లేచి నిలబడి, కుడిచెయ్యి చాచి చదివారు.

"నేను సదరు పదార్థమును ఎన్నడూ భుజించలేదు. భుజించబోను. భుజించువారి సరసన కూర్చొని ఆనందించియుండలేదు."

వసుంధర వంతు వచ్చింది. మొదటి రెండు వాక్యాలూ గబగబా అనేసింది. మూడోదాని దగ్గర అమ్మ చేతి ముద్ద గుర్తొచ్చి ఆగింది. ప్రణవి జుట్టు గుర్తొచ్చి అదీ అనేసింది. ప్రమాణం పూర్తయింది.

ఎంపిక సమావేశం మర్నాడే పెట్టారు. మూడు రకాల సాసేజీలు మూడు పళ్ళేల్లో బల్లకు ఆ చివర పెట్టి, సభ్యులు ఈ చివర కూర్చున్నారు. పట్టాభి ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. చలమయ్య ఒక కర్రకు స్కేలు కట్టి దూరంనుంచే పొడవులు కొలిచాడు.

"మాంసం శాతం ఎక్కువున్నది చూడాలండీ" అంది వసుంధర. "కొవ్వూ ఉప్పూ తక్కువుండాలి. ప్యాకెట్టు మీద రాసుంటుంది. ముట్టుకుంటే గట్టిగా ఉండాలి, జిగురుగా జారకూడదు. ఆ మూడో పళ్ళెంలోవి మరీ ఎర్రగా ఉన్నాయి, రంగేదో దిట్టంగా కలిపినట్టున్నారు. అవి వద్దు."

త్రివిక్రమరావు గారు కళ్ళజోడు కిందికి దించారు. "మీకెలా తెలుసు?"

వసుంధరకు చెమట పట్టింది. "పుస్తకంలో చదివానండీ."

"ఆ గ్రంథకర్త సదరు పదార్థమును భుజించువాడా, భుజించనివాడా?" అన్నాడు పట్టాభి, రుమాలు వెనకనుంచి.

"తినేవాడే అయ్యుంటాడండీ. తినకుండా ఎలా రాస్తాడు?"

"అయినచో ఆయన అభిప్రాయము పక్షపాతదూషితము. దానిని పరిగణనలోనికి తీసుకొనుట మండలి నిష్పాక్షికతకు భంగకరము. భుజించనివాడు స్వతంత్రముగా రచించిన గ్రంథమేదైనా ఉన్నచో సమర్పించండి, సంతోషముగా పరిశీలింతుము."

అలాంటి గ్రంథం ఏ లైబ్రరీలో దొరుకుతుంది? చివరకు కంటికి ఏది ఇంపుగా ఉందన్న ప్రాతిపదికన ఎంపిక జరిగింది. మూడో పళ్ళెంలోవి అన్నీ ఒకే పొడవున, ఒకే ఎరుపున, కవాతుకు నిలబడ్డ పోలీసుల్లా ఉన్నాయి. "క్రమశిక్షణ కనిపిస్తోంది" అన్నారు త్రివిక్రమరావు గారు. అవే ఖాయమయ్యాయి.

నిల్వ సంగతి తేలడానికి ఇంకో సమావేశం పట్టింది. ఆఫీసు ఫ్రిజ్‌లో పెడదామంటే అందులో చైర్మన్ గారి మజ్జిగ, పట్టాభి సాయంత్రం పూజకు తీసుకెళ్ళే పువ్వులు ఉన్నాయి. వాటి సరసన సదరు పదార్థాన్ని పెట్టడమనే ఊహకే పట్టాభి లేచి నిలబడ్డాడు. చలమయ్య రికార్డుల గది సూచించాడు. అక్కడ చీకటి, పైగా కలరా ఉండలు కూడా ఉన్నాయి, పురుగు పట్టదు అన్నాడు. వసుంధర ఇక ఆగలేకపోయింది.

"పచ్చి మాంసమండీ అది. ఫ్రిజ్‌లోనే ఉంచాలి. మూతున్న డబ్బాలో, అన్నిటికన్నా కింది అరలో, వండిన పదార్థాలకు తగలకుండా. అప్పుడైనా ఒకటి రెండు రోజుల్లో వండెయ్యాలి. ఇంకా ఉంచాలంటే ఫ్రీజర్‌లో గడ్డ కట్టించాలి."

"మీకెలా తెలుసు?"

ఈసారి ఆమె సిద్ధపడి వచ్చింది. "పాలు కూడా ఫ్రిజ్‌లోనే పెడతాం కదండీ. ఎండలు చూస్తున్నారుగా, పాలే విరిగిపోతుంటే. వేరే కొత్త ఫ్రిజ్ కొనొచ్చుగా."

"పాలకూ సదరు పదార్థానికీ పోలికా?" అన్నాడు పట్టాభి, చెవులు మూసుకోబోయినవాడిలా. కానీ కొత్త ఫ్రిజ్ కొనడమన్న మాట చలమయ్య చెవిన పడింది. కొనుగోలు అనే మాట వింటే గోదాముల అధికారి ముఖం విప్పారుతుంది. సాసేజీలు ఫ్రిజ్‌లో ఉంచవలెను అని తీర్మానం జరిగిపోయింది. ఫ్రిజ్ కొని, నేరుగా ప్రారంభోత్సవం జరిగే హాస్టల్ భోజనశాలలో దింపారు. సాసేజీలు లోపల పెట్టి, తాళం వేసి, లక్కముద్ర కొట్టి వచ్చానని చలమయ్య సభలో ప్రకటించాడు. ఈ కమిటీ పుట్టాక జరిగిన తెలివైన పని ఇదొక్కటే అని వసుంధర ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి తొందరపడి పీల్చిందని అప్పుడు తెలీదు.

వంట సమావేశంలో ఆమె కాస్త ఒళ్ళు మరిచింది. ముందు కొద్ది నీళ్ళలో సన్నని సెగ మీద ఉడకనివ్వాలనీ, నీరు ఇగిరాక దాని కొవ్వులోనే దోరగా వేగనివ్వాలనీ, వేరే నూనె అక్కర్లేదనీ చెప్పింది. కోసి చూస్తే లోపల ఎక్కడా గులాబీరంగు ఉండకూడదు. ముక్కలు తక్కువ, కూరగాయలు ఎక్కువ. చిక్కుళ్ళు, క్యాబేజీ, టమాటా వేస్తే పిల్లలు కూరగాయలు కూడా మారాం చెయ్యకుండా తింటారు. పక్కన జొన్నరొట్టె. ఉప్పూ కొవ్వూ ఉన్న వస్తువు కాబట్టి వారానికి ఒకసారికి మించకూడదు.

చెబుతుంటే ఆమె గొంతులో ఆదివారం మధ్యాహ్నం వచ్చి కూర్చుంది. త్రివిక్రమరావు గారు ఒక గుటక వేసి, వెంటనే గట్టిగా దగ్గారు.

"మీకెలా తెలుసు?" అన్నారు దగ్గు తగ్గాక.

వసుంధర తల దించుకుంది. ఆమె తల దించుకోగానే కమిటీ తల ఎత్తింది. ఆరోగ్యం అంటే తీసెయ్యడం అని అందరికీ తెలిసిన సంగతే కనుక ఒక్కొక్కటే తీసేశారు. వేయించుట ఆరోగ్యానికి హాని, కనుక వేయించరాదు. ఎక్కువ ఉడికితే విటమిన్లు నశించును, కనుక ఉడికించరాదు. చిక్కుళ్ళు వాయువు. క్యాబేజీ ధర స్థిరముగా ఉండదు. తీయగా తీయగా మిగిలిన వంట విధానం ఇది: సదరు పదార్థమును గోరువెచ్చని నీటిలో ముంచి తీసి, వడ్డించవలెను. వంటమనిషిని కూడా ఒక సత్రంనుంచి పిలిపించారు. ఆయన వంటలో ఉప్పు చూడకూడదని, వీలైతే పళ్ళెం వైపు కూడా చూడకూడదని షరతు పెట్టారు.

ఆ సాయంత్రం భానుమూర్తి అంతా విని, "నువ్వు తింటావన్న ముక్క చెప్పేసి, ఇలా వండాలని ఖరాఖండీగా చెప్పెయ్యరాదా?" అన్నాడు.

"చెబితే సాలూరు బస్సెక్కాలి."

ప్రణవి వచ్చి తల్లి ముందు వీపు పెట్టుకు కూర్చుంది. అందీ అందని జుట్టును రెండు చిన్న పిలకలు కట్టింది వసుంధర. గోరువెచ్చని నీళ్ళ సంగతి ప్రారంభోత్సవం రోజు వంటమనిషి చెవిలో వేసి సరిచేయించవచ్చులే అని తనకు తాను చెప్పుకుంది. మింగలేక కక్కలేక ఉన్నవాళ్ళు అలాంటి సర్దుబాట్లే చెప్పుకుంటారు.

ప్రారంభోత్సవం వారం తిరగకుండానే వచ్చింది. మార్చి నెలకే గుంటూరు ఎండ మిరపకల్లంలా మండుతోంది. భోజనశాలలో షామియానా గుడ్డలు, వేదిక, మైకు. వేదిక పక్కన బంతిపూల దండలతో, ఎర్ర రిబ్బనుతో పెళ్ళికూతురిలా నిలబడింది ఫ్రిజ్. పిల్లలు నేల మీద బారులు తీరి, పళ్ళేలు ముందు పెట్టుకుని, ఉపన్యాసాలు ఎప్పుడైపోతాయా అని చూస్తున్నారు. ముఖ్య అతిథిగా రాజధానినుంచి పెద్ద అధికారి ఒకాయన వచ్చారు. సన్నగా, చురుగ్గా ఉన్నారు. ఆయనకు ఆ రోజు ఉపవాసం. భోజన పథకాల ప్రారంభోత్సవాలున్న రోజుల్లో ఆయన తప్పకుండా ఉపవాసం ఉంటారని చెప్పుకుంటారు.

పట్టాభి మైకు అందుకున్నాడు. "ఇప్పుడు గౌరవనీయ ముఖ్య అతిథిగారు తమ అమృత హస్తములతో మీట నొక్కి, ఈ శీతల పేటికను ప్రారంభించవలసినదిగా సవినయముగా ప్రార్థిస్తున్నాము."

రిబ్బను తెగింది. మీట నొక్కారు. ఫ్రిజ్ గుర్రుమని ఒక్కసారి వణికి మోగడం మొదలుపెట్టింది. చప్పట్లు.

వసుంధర చేతులు చప్పట్ల మధ్యలో ఆగిపోయాయి. పక్కనున్న చలమయ్య వైపు తిరిగింది. "ఇప్పుడు ఆన్ చెయ్యడమేంటండీ? వారంనుంచి లోపలున్నాయిగా అవి?"

"అదేంటి మేడంగారూ అలా అడుగుతారు" అన్నాడు చలమయ్య. "ప్రారంభోత్సవం కాకుండా ఎవడు ఆన్ చేస్తాడండీ? నా ఉద్యోగం ఊడిపోదూ? ఫ్రిజ్‌లో పెట్టాలన్నారు, పెట్టాం. తాళం కూడా వేశాం. ఈగ కూడా దూరలేదు."

ఆయన వెళ్ళి లక్కముద్ర పగలగొట్టి తలుపు తీశాడు. లోపలి దీపం ముచ్చటగా వెలిగింది. దాని వెంటే వాసన వచ్చింది. అది ముందు వరసలో ఆగలేదు, వేదిక ఎక్కింది, షామియానాకు తగిలి మళ్ళీ దిగింది.

చిత్రమేమిటంటే వేదిక మీద ఒక్క ముఖమూ మారలేదు. త్రివిక్రమరావు గారు చిరునవ్వు నవ్వుతూనే ఉన్నారు. పట్టాభి కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ అది ఆనందమన్నట్టు నిలబడ్డాడు. సత్రం వంటమనిషి ముఖం పక్కకు తిప్పుకుని, ఆ ఎర్రటివాటిని గోరువెచ్చని నీళ్ళలో ముంచి తీసి గిన్నెకెత్తాడు. పిల్లలు మాత్రం పళ్ళేలు వెనక్కి లాక్కున్నారు. "ఏంట్రా వేషాలు, పెద్ద సార్లొచ్చారు, బుద్ధిగా తినండి" అని వార్డెన్ గదిమాడు. పళ్ళేలు మళ్ళీ ముందుకు వచ్చాయి. వడ్డన గిన్నె మొదటి వరస దగ్గరకు బయల్దేరింది.

శాశ్వత పోస్టు కాగితం ఆ సాయంత్రం సంతకమవుతుందని వసుంధరకు తెలుసు. ఒక్క నిమిషం నోరు మూసుకుంటే చాలు, ఇక ఏ బస్సూ ఎక్కక్కర్లేదు. ఆ నిమిషం ఎంత పెద్దదో ఆమెకు అప్పుడే తెలిసింది. ఎదురుగా కూర్చున్నవాళ్ళలో ప్రణవి వయసు పిల్లలు కనీసం సగం మంది ఉన్నారు. ఆమెకు రోత పుట్టింది. అది వాసనకు కాదు. ఇన్నాళ్ళూ తల దించుకున్నందుకు.

లేచి వెళ్ళి గిన్నెకు అడ్డం నిలబడింది.

"వడ్డించకండి. ఇవి కుళ్ళిపోయాయి. తింటే పిల్లలు ఆసుపత్రిలో పడతారు."

త్రివిక్రమరావు గారు మైకు ముందుకు వంగారు. అలవాటుగా ఆ మాటే వచ్చింది. "మీకెలా తెలుసు?"

"నేను తింటాను కాబట్టి" అంది వసుంధర. "చిన్నప్పట్నుంచీ తింటున్నాను. మా ఇంట్లో అందరం తింటాం. మంచిదేదో చెడిందేదో మాకు తెలుసు."

మొదటి వరస వేదికకు ఆనుకునే ఉంది కనుక మైకు ఆ మాటలను భోజనశాల నాలుగు మూలలకూ చేరవేసింది. పట్టాభి ముందుగా తేరుకున్నాడు. "భుజించువారి సాక్ష్యము చెల్లదు. అందులోనూ ప్రమాణభంగము. సదరు పదార్థము చెడినదనుటకు నిష్పాక్షిక ఆధారము ఏదీ లేదు."

ముఖ్య అతిథి గారికి ఈ వ్యవహారం నచ్చినట్టుంది. కుర్చీలో ముందుకు జరిగారు. "అంటే తినేవాళ్ళకే వాసన తేడా తెలుస్తుందన్నమాట. తిననివాళ్ళకు ఏది మంచి వాసనో, ఏది చెడ్డ వాసనో ఎలా తెలుస్తుంది? సబబుగానే ఉంది. మరి కమిటీవారిలో ఇంకెవరికైనా ఏదైనా వాసన వస్తోందా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది వేదిక మీద. పట్టాభి ముక్కు దగ్గరున్న రుమాలు గబుక్కున జేబులోకి పోయింది. "లేదు సార్. ఏ వాసనా లేదు" అన్నారు ముగ్గురూ. అంతటితో ఊరుకుంటే బాగుండేది. చలమయ్య ఒక అడుగు ముందుకేసి, గుండెలనిండా గాలి పీల్చి చూపించాడు.

"ఏ తేడా లేనప్పుడు తలా ఒక ముక్క రుచి చూడండి. ఆవిడ మాట తప్పని తేలిపోతుంది" అన్నారు ముఖ్య అతిథి.

"కానీ సార్, ప్రమాణము..." అని నసిగాడు పట్టాభి.

"ఇది భుజించడం కాదు. నిరూపణ. వెనక్కి తగ్గినవాళ్ళు వాసన తెలిసినవాళ్ళ కిందే లెక్క. నేనైతే ఉపవాసం."

ఆ విధంగా, తాము సాసేజీలు తినే రకం కాదని లోకానికి రుజువు చేయడం కోసం సాసేజి కమిటీ సభ్యులు ముగ్గురూ నిండు సభలో సాసేజీలు తిన్నారు. నమిలారు. నవ్వుతూ మింగారు. చలమయ్య రెండోది కూడా అడిగి తీసుకున్నాడు. సభ చూపంతా వాళ్ళ నోళ్ళ మీదే ఉండడంతో వసుంధర చేస్తున్న పనిని ఎవరూ ఆపలేదు. ఆమె వడ్డన గిన్నెను రెండు చేతులా ఎత్తుకెళ్ళి పెరట్లో మురుగు కాలువలో బోర్లించింది. ఫ్రిజ్‌లో మిగిలినవాటినీ అక్కడికే చేర్చింది. హాస్టల్ వంటావిడ కోటమ్మ మాటామంతీ లేకుండా పొయ్యి మీద పప్పు పడేసింది. పిల్లలు పప్పన్నం తిన్నారు.

వందన సమర్పణ సగంలో ఉండగా కమిటీకి కడుపులో నొప్పి మొదలైంది. జాతీయ గీతానికి ముగ్గురిలో ఒక్కరూ నిలబడి లేరు.

మర్నాడు మండలి నివేదిక తయారైంది. పట్టాభి ఆసుపత్రి మంచం మీదనుంచే చెప్పి రాయించాడు. సదరు పదార్థములో లోపమేదియు లేదు. ఎంపిక, నిల్వ, వంట, మూడునూ నిబంధనల ప్రకారమే జరిగినవి. భుజించు అలవాటు గల సభ్యురాలు కమిటీలో ఉండుట వలన ఏర్పడిన పక్షపాత వాతావరణమే సభ్యుల అస్వస్థతకు మూలకారణము. కావున ఆమెను తక్షణము సాలూరుకు పంపవలెను.

ఆ ఉత్తర్వు మీద చైర్మన్ సంతకం లేనిదే ఆఫీసువాళ్ళు ఆమెను వదలరు. అందుకని ఆమె మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళింది. భానుమూర్తి, ప్రణవి కూడా వచ్చారు గానీ పిల్లల్ని లోపలికి రానివ్వరని వరండాలో ఆగిపోయారు.

త్రివిక్రమరావు గారు చేతికి సెలైన్ సూది గుచ్చి ఉండగా వెల్లకిలా పడుకుని ఉన్నారు. ఒక్క రోజులో మనిషి సగమయ్యాడు. ఇటుపక్క తెర వెనక పట్టాభి మంచం. చలమయ్య రెండు తిన్నాడు కనుక వేరే గదిలో ప్రత్యేకంగా చూస్తున్నారు. త్రివిక్రమరావు గారు కాగితం అందుకుని, పెన్ను తీసి, సంతకం పెట్టకుండా ఆగారు.

"చూడమ్మా, మీ మీద నాకేం కోపం లేదు. చదువుకున్నవారు. అమ్మాయి చిన్నదని విన్నాను. నిన్న అన్న మాట సరదాకి అన్నానని ఒక్క ముక్క చెప్పండి. మిగతాది నేను చూసుకుంటాను. గుంటూరులోనే ఉందురుగాని."

వసుంధర ఆయన ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో నిజంగానే దయ ఉంది. అదే ఆమెకు అర్థం కాలేదు.

"ఒకటి అడగనా సార్? మీకు నిజంగా వాసన తెలీలేదా?"

ఆయన తెర వైపు చూశారు. తలుపు వైపు చూశారు. నర్సు లేదని రూఢి చేసుకుని గొంతు తగ్గించారు.

"తలుపు తియ్యగానే తెలిసింది. నా చిన్నప్పట్నుంచీ తింటున్నవాణ్ణి, నాకు తెలీదా? మొన్న మీరు వంట చెబుతుంటే ప్రాణం లేచొచ్చింది. కానీ ఈ కుర్చీలో కూర్చుని ఆ మాట ఎలా అనను చెప్పండి."

తెర అవతల మంచం కిర్రుమంది. "నాకూ తెలిసిందండీ" అంది పట్టాభి గొంతు, నీరసంగా, మామూలు మనుషుల తెలుగులో. "మా ఆవిడ బాగా వండుతుంది."

ఒక్క క్షణం ముగ్గురి మధ్యా ఏదో చుట్టరికం కలిసినట్టయింది. త్రివిక్రమరావు గారు చిన్నగా నవ్వారు కూడా. ఇంకో క్షణం ఆగితే మంచి సాసేజీలు ఎక్కడ దొరుకుతాయో అడిగేవారేమో.

వసుంధర నవ్వలేదు. "తెలిసి కూడా పిల్లల పళ్ళేల్లో వెయ్యబోతుంటే ఊరుకున్నారా?"

త్రివిక్రమరావు గారి నవ్వు పెదవుల మీదే ఎండిపోయింది. తెర అవతల మంచం మళ్ళీ కిర్రుమనలేదు.

"నేను సరదాకి అనలేదు సార్" అంది వసుంధర. "సంతకం పెట్టండి."

ఆయన పెట్టారు. ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టారు.

ఆమె వరండాలోకి వచ్చేసరికి ప్రణవి ఎదురొచ్చింది. భానుమూర్తి భార్య చేతిలో కాగితం చూసి సంగతి గ్రహించాడు. పిల్లకు ఏం చెప్పాలా అని వసుంధర దారంతా మాటలు పేర్చుకుంటూనే వచ్చింది. అవేవీ పనికి రాలేదు.

"ఆ హాస్టల్ పిల్లలకి ఏం కాలేదుగా అమ్మా?" అంది ప్రణవి.

నిన్నటినుంచి ఎందరు పెద్దవాళ్ళు వచ్చారు, ఎన్ని పేజీల నివేదిక రాశారు. ఆ మాట అడిగింది ఇదొక్కతే.

"ఏం కాలేదమ్మా. అందరూ బాగానే ఉన్నారు" అని చెప్పి, వసుంధర పిల్ల చెయ్యి పట్టుకుని సాలూరు బస్సు ఎన్నింటికో కనుక్కోవడానికి బయల్దేరింది.